సైన్స్ పేజీ బొమ్మలో ఫీల్డులు ఒకే దిశలో వేశారు, అవి ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో మాస్ స్పెక్ట్రోమీటర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను సార్. అణువుల మాస్ కొలిచే మిషన్ గురించి తెలుగులో, అదీ అంత జాగా ఇచ్చి రాయించినందుకు చాలా సంతోషం, ఈ మాట మొహమాటానికి అనట్లేదు. కానీ అందులో ఒక బొమ్మ తప్పు పడింది, ఒక వాక్యం తప్పు పడింది, అన్నిటికన్నా నాకు బాధేసింది ఏంటంటే అసలు చెప్పాల్సిన భాగం మొదలవకముందే వ్యాసం అయిపోయింది. నేను ఫిజిక్స్ పాఠం చెప్పేవాడిని కాబట్టి పిల్లలు ఈ కటింగ్ నోట్‌బుక్‌లో అంటించుకుంటారని తెలుసు, అందుకే కొంచెం పొడుగైనా ఈ ఉత్తరం రాస్తున్నా.

ముందు బొమ్మ సంగతి. వ్యాసంలో రాసింది వెలాసిటీ సెలెక్టర్ గురించి, అంటే అయాన్లలో (ఛార్జ్ ఉన్న అణువుల్లో) ఒక్క స్పీడ్‌వాటినే తిన్నగా వదిలే భాగం గురించి, బొమ్మలో మాత్రం ఎలక్ట్రిక్ ఫీల్డ్ బాణాలూ మాగ్నెటిక్ ఫీల్డ్ బాణాలూ రెండూ కిందికే చూస్తున్నాయి. అలా రెండూ ఒకే దిశలో పెట్టిన పరికరం నిజంగానే ఉంది, అది జె.జె. థామ్సన్ పాజిటివ్ కిరణాల మీద, అంటే పాజిటివ్ అయాన్ల ప్రవాహం మీద వాడింది, 1913లో నియాన్‌లో మాస్ 20 తో పాటు 22 కూడా ఉందని పట్టించింది అదే. కానీ అది వేరే పరికరం. ఫీల్డులు రెండూ ఒకే దిశలో ఉంటే వాటి తోపులు ఒకదానికొకటి అడ్డంగా వస్తాయి, ఎందుకంటే ఎలక్ట్రిక్ ఫీల్డ్ తన దిశలోనే తోస్తుంది, మాగ్నెటిక్ ఫీల్డ్ మాత్రం తన దిశకీ అయాన్ పోయే దిశకీ రెండిటికీ అడ్డంగా తోస్తుంది. దాంతో అయాన్లు ప్లేటు మీద పరచుకుని పారాబోలా గీతలు పడతాయి, ఒక్కో గీత ఒక్కో మాస్‌ది. అదే ఫీల్డులు రెండిటినీ ఒకదానికొకటి లంబంగా, అయాన్ దారికీ లంబంగా పెట్టారనుకోండి, అప్పుడు రెండు తోపులూ ఒకే గీత మీదికి వస్తాయి, ఒకటి పైకి ఒకటి కిందికి, అంటే ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేసుకునే అవకాశం వస్తుంది. ఇలా అడ్డంగా పెట్టిన ఫీల్డులనే క్రాస్డ్ ఫీల్డ్స్ అంటారు, వెలాసిటీ సెలెక్టర్ ప్రాణమంతా ఆ కొట్టేసుకోవడంలోనే ఉంది. కాబట్టి ఆ బొమ్మని సరిచేసి ఇంకోసారి వేయమని నా మొదటి మనవి.

ఇక వాక్యం. వెలాసిటీ సెలెక్టర్ "బరువైన అయాన్లని ఆపేసి తేలికైన వాటిని పంపిస్తుంది" అని రాశారు. అది దాని పని కాదు సార్. ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఎంత తోస్తుందనేది అయాన్ స్పీడ్ మీద ఆధారపడదు, మాగ్నెటిక్ ఫీల్డ్ తోపు మాత్రం స్పీడ్‌తో పాటు పెరుగుతుంది, కాబట్టి ఏదో ఒక్క స్పీడ్ దగ్గరే రెండూ సమానమవుతాయి, ఆ స్పీడ్ ఎంతంటే ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని మాగ్నెటిక్ ఫీల్డ్‌తో భాగిస్తే వచ్చేది, అంతే. ఆ లెక్కలో మాస్ ఎక్కడా లేదు. ఛార్జ్ కూడా కొట్టుకుపోతుంది. ఇంకా గమ్మత్తేంటంటే పాజిటివ్ అయాన్ బదులు నెగటివ్ అయాన్ వచ్చినా రెండు తోపులూ కలిసే దిశ మార్చుకుంటాయి కాబట్టి అదే స్పీడ్ ఉంటే అదీ తిన్నగానే పోతుంది. 1897లో థామ్సన్ కాథోడ్ కిరణాల (అంటే ఎలక్ట్రాన్ల ప్రవాహం) స్పీడ్ తేల్చడానికి ఇదే వాడాడు, ఆ స్పీడ్ చేతికొచ్చాకే ఛార్జ్‌కీ మాస్‌కీ ఉన్న నిష్పత్తి తెలిసింది. మరుసటి ఏడాది 1898లో విల్‌హెల్మ్ వీన్ పాజిటివ్ కిరణాల మీద రెండు ఫీల్డులూ ప్రయోగించాడు, అందుకే ఈ అమరికని ఈరోజుకీ వీన్ ఫిల్టర్ అంటారు. వీన్‌కి నోబెల్ వచ్చింది మాత్రం వేడి రేడియేషన్ మీద చేసిన పనికి, 1911లో.

అయితే ఇక్కడే మీ రచయితకి ఆ కన్‌ఫ్యూజన్ ఎందుకొచ్చిందో నేను ఊహించగలను, ఎందుకంటే వీన్ ఫిల్టర్‌తో మాస్‌లని వేరు చేయడం కూడా జరుగుతుంది, కాకపోతే దానికో షరతు ఉంది. అయాన్లన్నిటినీ ముందు ఒకే వోల్టేజ్‌తో పరిగెత్తించాలి. అప్పుడు అన్నిటికీ ఒకే ఎనర్జీ ఉంటుంది, ఒకే ఎనర్జీ ఉంటే బరువైనవి నెమ్మదిగా తేలికవి స్పీడ్‌గా పోతాయి, కాబట్టి స్పీడ్‌ని ఏరితే మాస్‌ని ఏరినట్టే. లెక్క వేసి చూపిస్తా. మీటరుకి 10,000 వోల్టుల ఎలక్ట్రిక్ ఫీల్డ్, 0.1 టెస్లా మాగ్నెటిక్ ఫీల్డ్ పెట్టామనుకోండి, తిన్నగా పోయే స్పీడ్ సెకనుకి 1,00,000 మీటర్లు. నైట్రోజన్ అణువు అయాన్, అంటే మాస్ 28, ఈ స్పీడ్ అందుకోవాలంటే దాదాపు 1450 వోల్టులు కావాలి. అదే 1450 వోల్టులతో ఆర్గాన్ 40 ని వదిలితే దానికి సెకనుకి 84 కిలోమీటర్ల దాకానే వస్తుంది, స్పీడ్ చాలక ఎలక్ట్రిక్ ఫీల్డ్ వైపు లాక్కుపోయి గోడకి కొట్టుకుంటుంది. హీలియం అయితే 265 కిలోమీటర్ల స్పీడ్‌లో వచ్చి రెండో వైపుకి, అంటే మాగ్నెటిక్ తోపు వైపుకి పోతుంది. మధ్యలో సన్నటి స్లిట్ దాటేది 28 ఒక్కటే. పాత వ్యాసంలోని వాక్యానికి బదులు "ఒకే ఎనర్జీతో వచ్చిన అయాన్లలో ఒక్క మాస్‌ని మాత్రమే తిన్నగా వదులుతుంది" అని వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ వ్యాసం ప్రకారం క్రాస్డ్ ఫీల్డ్స్ అంటే గేటు దగ్గర కాపలా లాంటివి, లోపల మాస్ కొలిచే పని వేరే మాగ్నెట్‌ది. మీ రచయిత ఒక్కడిదే కాదు ఈ పొరపాటు, చాలా పాఠ్యపుస్తకాలు కూడా వెలాసిటీ సెలెక్టర్ దగ్గరే ఆగిపోతాయి. బెయిన్‌బ్రిడ్జ్ కట్టిన స్పెక్ట్రోగ్రాఫ్ వరకూ అది నిజమే, అందులో ముందు సెలెక్టర్, దాని తర్వాత విడిగా మాగ్నెటిక్ ఫీల్డ్, అందులో అయాన్లు అర్ధవృత్తం తిరిగి ఫోటో ప్లేటు మీద పడతాయి. అన్నీ ఒకే స్పీడ్‌తో వస్తాయి కాబట్టి వృత్తం సైజు సరిగ్గా మాస్‌కి తగ్గట్టే పెరుగుతుంది, ప్లేటు మీద స్కేలు సమానంగా పడుతుంది, చదవడం తేలిక. ఆ పరికరం చేసిన పని చిన్నదేమీ కాదు. 1932లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ లిథియం 7 ని ప్రోటాన్‌తో కొడితే రెండు హీలియంలు వచ్చాయి కదా, అక్కడ పోయిన మాస్ ఎంత, వచ్చిన ఎనర్జీ ఎంత అని సరిచూడటానికి మాస్‌లు నిక్కచ్చిగా కావాల్సొచ్చింది, 1933లో బెయిన్‌బ్రిడ్జ్ కొలతలతో ఐన్‌స్టీన్ సూత్రం నిలబడిందని తేలింది. ఇప్పటి విలువలతో వేస్తే ముందు మొత్తం 8.0238, తర్వాత 8.0052, తేడా 0.0186 మాస్ యూనిట్లు, అది 17.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పిల్లలు చేత్తో చేసుకోగలిగే లెక్క ఇది, మీ వ్యాసంలో పడి ఉంటే ఎంత బావుండేది.

కానీ 1938లో ప్రిన్స్‌టన్‌లో బ్లేక్నీ, హిపుల్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. విడిగా ఇంకో మాగ్నెట్ ఎందుకు, అయాన్‌ని మొదటి నుంచి చివరిదాకా క్రాస్డ్ ఫీల్డ్స్ లోపలే తిరగనిస్తే ఏమవుతుంది అని. అయాన్ సైక్లాయిడ్ దారిలో, అంటే గంతులేసుకుంటూ పక్కకి పోతుంది, ఒక గంతు ఎంత దూరం పడిందో చూస్తే మాస్ తెలిసిపోతుంది. ఇందులో నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ముచ్చట తీరని సంగతి ఏంటంటే, ఆ గంతు దూరం అయాన్ ఏ స్పీడ్‌తో బయల్దేరిందో దాని మీద ఆధారపడదు, ఏ కోణంలో బయల్దేరిందో దాని మీద కూడా ఆధారపడదు. మామూలు మాగ్నెట్ స్పెక్ట్రోమీటర్లకి పెద్ద తలనొప్పి ఆ రెండే. అయాన్లు పుట్టేటప్పుడే తలా ఒక దిక్కుకి, తలా ఒక స్పీడ్‌తో పుడతాయి, దాంతో పీకులు, అంటే ఒక్కో మాస్‌కీ వచ్చే సిగ్నల్ శిఖరాలు, వెడల్పై ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వాటిని సరిచేయడానికి ఎలక్ట్రిక్ సెక్టార్, మాగ్నెటిక్ సెక్టార్ ఒకదాని వెనక ఒకటి పెట్టి ఎంతో కొలతగా డిజైన్ చేస్తారు, అప్పుడు కూడా అది ఉజ్జాయింపు సర్దుబాటే. ఇక్కడ అలా కాదు, ఫీల్డులు నిజంగా సమంగా ఉంటే ఫోకస్ పూర్తిగా, ఏ ఉజ్జాయింపూ లేకుండా కుదురుతుంది.

ఎందుకు కుదురుతుందో కష్టమైన మ్యాథ్స్ లేకుండానే చెప్పొచ్చు. ఒట్టి మాగ్నెటిక్ ఫీల్డ్‌లో అయాన్ వృత్తం తిరుగుతుంది, స్పీడ్ ఎక్కువైతే పెద్ద వృత్తం, తక్కువైతే చిన్న వృత్తం, కానీ ఒక చుట్టుకి పట్టే టైము మాత్రం రెండిటికీ ఒకటే, ఆ టైము మాస్, ఛార్జ్, ఫీల్డ్ ఈ మూడింటితోనే తేలిపోతుంది. ఇప్పుడు దానికి అడ్డంగా ఎలక్ట్రిక్ ఫీల్డ్ కలిపితే ఏమవుతుందంటే, ఆ వృత్తం మొత్తానికి మొత్తం ఇందాక చెప్పిన స్పీడ్‌తో, ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని మాగ్నెటిక్ ఫీల్డ్‌తో భాగించిన ఆ స్పీడ్‌తోనే, పక్కకి జరుగుతూ పోతుంది. రైలు బోగీలో నిలబడి తాడుకి రాయి కట్టి గిరగిరా తిప్పుతున్న పిల్లాడిని అనుకోండి, తాడు పొడుగైనా పొట్టైనా ఒక చుట్టు టైము ఒకటే అనుకుంటే, ఒక చుట్టు అవగానే రాయి బోగీలో మొదలైన చోటికే వస్తుంది, కానీ పట్టాల మీద చూస్తే ఆ టైములో రైలు ఎంత దూరం పోయిందో అంత ముందుకి వచ్చి ఉంటుంది. రాయి ఎటు వైపుకి విసిరి మొదలుపెట్టాడు, ఎంత జోరుగా తిప్పాడు అనేవి లెక్కలోకి రావు. గంతు దూరం అంటే జరిగే స్పీడ్‌ని ఒక చుట్టు టైముతో గుణించడమే.

దీనికి కూడా అంకెలు వేస్తా, ఎందుకంటే అంకెలు లేకపోతే ఇది నమ్మబుద్ధి కాదు. 0.2 టెస్లా మాగ్నెట్, సెంటీమీటరుకి 4.4 వోల్టుల ఎలక్ట్రిక్ ఫీల్డ్. జరిగే స్పీడ్ సెకనుకి 2200 మీటర్లు. నైట్రోజన్ 28 కి ఒక చుట్టు సుమారు 9.1 మైక్రోసెకన్లు. రెండూ గుణిస్తే 2 సెంటీమీటర్లు. అదే లెక్కలో నీటి ఆవిరి 18 అయితే 1.29 సెంటీమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 32 అయితే 2.29 దగ్గర, ఆర్గాన్ 40 అయితే 2.87 దగ్గర పడుతుంది. ఒక్కో మాస్ యూనిట్‌కి ముప్పావు మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ, అదీ అన్నిచోట్లా సమానంగా. అంటే ఆ గీత వెంట స్కేలు లాంటి డిటెక్టర్ పెట్టేస్తే అన్ని మాస్‌లూ ఒకేసారి పడతాయి, ఫీల్డ్ మార్చుకుంటూ ఒక్కొక్కటీ వెతుక్కోనక్కర్లేదు. పరికరమంతా అరచేతిలో పట్టే సైజు, మాగ్నెట్ కాక.

ఆ మాగ్నెట్ దగ్గరే చిక్కు కూడా వచ్చింది. మామూలు స్పెక్ట్రోమీటర్‌లో అయాన్లు పుట్టే సోర్స్, పట్టుకునే డిటెక్టర్ మాగ్నెట్ బయట ఉంటాయి, ఇందులో అన్నీ రెండు పోల్స్ మధ్య సందులోనే ఇరికించాలి. సోర్స్‌లో ఎలక్ట్రాన్ బీమ్‌ని మాగ్నెటిక్ ఫీల్డ్ గీతల వెంటే పంపాలి, లేకపోతే అది వంగిపోయి సోర్స్ గోడకే తగులుతుంది. ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఎక్కడా ఎగుడు దిగుడు లేకుండా ఉండాలని వరసగా పలకలు పేర్చి, ఒక్కో పలకకీ మధ్య రెసిస్టర్ పెట్టి, వోల్టేజ్ మెట్లు మెట్లుగా దిగేలా చేస్తారు, ఆ పలకల్లో ఒక్కటి మురికి పట్టి ఛార్జ్ అయినా పీకు పక్కకి జరుగుతుంది. పైగా మాగ్నెటిక్ ఫీల్డ్ గీతల వెంబడి ఏ అయాన్‌కైనా కాస్త స్పీడ్ ఉంటే దాన్ని ఈ అమరిక ఫోకస్ చేయదు, అది అలా పక్కకి పోతూనే ఉంటుంది. ఇన్ని తిప్పలుండగా 1953లో పాల్, స్టైన్‌వెడెల్ మాగ్నెటే అక్కర్లేని క్వాడ్రుపోల్ ఫిల్టర్ ప్రతిపాదించారు, నాలుగు కడ్డీలు, రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజ్, తేలిక, సన్నం, ఇంక ల్యాబులన్నీ అటు మళ్ళాయి. మళ్ళాయి కాబట్టి సైక్లాయిడ్ పాతబడిపోయిందని అనుకోవడం మాత్రం సరికాదు, బలమైన నియోడిమియం పర్మనెంట్ మాగ్నెట్లు, వరసగా పిక్సెల్స్ ఉన్న డిటెక్టర్లు వచ్చాక చేత్తో మోసుకుపోయే పరికరాల కోసం దీన్ని మళ్ళీ బయటికి తీశారు.

అదే హిపుల్ ఇంకో ఇద్దరితో కలిసి 1949లో ఒమెగాట్రాన్ అని ఇంకోటి చేశాడు, ఇది కూడా అడ్డంగా పెట్టిన ఫీల్డులదే, కాకపోతే ఎలక్ట్రిక్ ఫీల్డ్ నిలకడగా ఉండకుండా ఊగుతూ ఉంటుంది. అయాన్ చుట్టు ఫ్రీక్వెన్సీకి ఆ ఊపు కలిసిందా, ఒక్కో చుట్టుకీ కాస్త కాస్త ఎనర్జీ ఎక్కి, చుట్ట విప్పుకున్నట్టు బయటికి వచ్చి కలెక్టర్‌కి తగులుతుంది, కలవని అయాన్లు మధ్యలోనే ఉండిపోతాయి. దూరం కొలిచే పని ఫ్రీక్వెన్సీ కొలిచే పనిగా మారిపోయింది, ఫ్రీక్వెన్సీని కొలిచినంత నిక్కచ్చిగా మనిషి ఇంకేదీ కొలవలేడు. 1954లో ఆల్పర్ట్, బురిట్జ్ గాజుతో చేసిన అల్ట్రా హై వ్యాక్యూమ్ సిస్టమ్‌లో ప్రెషర్ ఒక స్థాయి కన్నా ఎందుకు దిగట్లేదో వెతుకుతుంటే, లోపల మిగిలింది హీలియం అని తేలింది ఒమెగాట్రాన్ వల్లే. గాలిలో 10 లక్షల వంతుల్లో సుమారు 5 వంతులే ఉండే హీలియం, అది పైరెక్స్ గాజు గోడలోంచి మెల్లగా ఇంకి లోపలికి వస్తోందన్నమాట. చిన్న గొట్టంలో ఇమిడే పరికరం కనిపెట్టిన సంగతి ఇది, ఇలాంటి కథ ఒక్కటి పడితే చాలు చదివే పిల్లాడికి వ్యాక్యూమ్ అంటే ఖాళీ కాదని అర్థమైపోతుంది.

ఈ దారినే ముందుకి పోతే 1974లో కామిసరో, మార్షల్ చేసిన ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ పద్ధతి వస్తుంది, అందులో అయాన్లని బయటికి లాగకుండా లోపలే గుంపుగా తిప్పి, అవి పలకల మీద పుట్టించే చిన్న సిగ్నల్ విని, ఒకేసారి అన్ని ఫ్రీక్వెన్సీలూ విడదీస్తారు. నైట్రోజన్ అణువు 28.0061, కార్బన్ మోనాక్సైడ్ 27.9949, రెండిటినీ మామూలు క్వాడ్రుపోల్ 28 అనే చూపిస్తుంది, విడదీయాలంటే 2500 రిజల్యూషన్ (మాస్‌ని ఆ తేడాతో భాగిస్తే వచ్చేది) కావాలి, ఈ కొత్త మిషన్లకి అది లెక్కలోకే రాదు. అయాన్లని ఫీల్డులతో ఒకచోట బంధించి ఉంచే పెన్నింగ్ ట్రాప్ కూడా ఈ కుటుంబమే, అక్కడ అయాన్ చేసే నెమ్మది చుట్టు ఒకటుంటుంది, మాగ్నెట్రాన్ మోషన్ అంటారు, అది సైక్లాయిడ్‌లో చూసిన ఆ పక్క జరుగుడే, ఎలక్ట్రిక్ ఫీల్డ్ కేంద్రం నుంచి బయటికి ఉంటుంది కాబట్టి గుండ్రంగా జరుగుతుంది. మళ్ళీ వెలాసిటీ సెలెక్టర్ సంగతికొస్తే, జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర షిప్ అనే వెలాసిటీ ఫిల్టర్ ఉంది, అందులో రెండు ఫీల్డులూ ఒకే చోట కాకుండా వేర్వేరు సెక్షన్లలో పెట్టారు గానీ ఏరేది స్పీడ్‌నే. బీమ్ అయాన్లు జోరుగా, కొత్తగా పుట్టిన బరువు న్యూక్లియస్‌లు నెమ్మదిగా వస్తాయి కాబట్టి కోటానుకోట్ల బీమ్ అయాన్లలోంచి ఆ ఒక్కదాన్ని విడదీయగలిగారు, 1981లో బోరియం నుంచి 1996లో కోపర్నీసియం దాకా 107 నుంచి 112 వరకూ ఆరు మూలకాలు దొరికింది ఆ ఫిల్టర్ వెనకే.

నేను అడిగేది ఇదీ ఎడిటర్ గారూ. సవరణ ఒక మూల రెండు లైన్లలో వేసి వదిలేయకుండా, రెండో వ్యాసం రాయించండి, అందులో సైక్లాయిడ్‌కి మంచి బొమ్మ వేయించండి. ఒకే చోట మూడు అయాన్లు మూడు కోణాల్లో బయల్దేరి, ఒకటి లూపు తిరిగి, ఒకటి మెత్తగా అలలా ఊగి, ఒకటి మొనదేలి, మూడూ 2 సెంటీమీటర్ల అవతల ఒకే చుక్కలో కలిసేలా గీయించండి. పైన నేను వేసిన అంకెలన్నీ ఎవరైనా సరిచూసుకోవచ్చు, నైట్రోజన్, ఆర్గాన్ విలువలు బాక్సులో పెడితే టీచర్లు క్లాసులో అలాగే వాడుకుంటారు. ఆర్టిస్ట్‌కి స్కెచ్ కావాలన్నా, ప్రూఫ్ చదివిపెట్టమన్నా నేను రెడీ.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఫిజిక్స్ లెక్చరర్